సమస్యాపూరణం: "కడుగఁ గడుగ మోము కళను బాసె"

నిర్వాహకుడు (కర్నూలు)
నిన్న మధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర కొళాయి కింద ఒక కుర్రవాడు ముఖం కడుక్కుంటున్నాడు. సబ్బు పెట్టి ఒకసారి కడిగాడు. ఫోనులో చూసుకొని మళ్లీ కడిగాడు. అలా మూడుసార్లు. మూడోసారి చూసుకున్నప్పుడు వాడి ముఖంలో కనిపించిన దిగులే ఈ పాదం. ఇల్లు చేరేలోపు దానంతట అదే ఆటవెలదిలో కుదిరింది. కడిగితే కళ రావాలి గాని పోవడమేమిటి? దీన్ని నాలుగో పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాసి పూరించండి.

గండికోట మాస్టారు
పాదం బాగుంది. 'కళ తప్పె' అని వాడుక. గణం కోసం 'కళను దప్పె' అని లాగి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. 'కళను బాసె' అన్నారు, సరిపోయింది.

ఎర్రగుంట్ల లెక్కలు
నాపరాళ్లకు పాలిష్ పట్టే చోట లెక్కలు రాస్తాను. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తెల్లని పొడి ఉంటుంది. కల్పన అవసరం లేకుండా నా సంగతే రాశాను.

ఎండ దుమ్ము సోకె నేమొ యనుచు సబ్బు
రుద్ది రుద్ది కడుగు రోజు కారు
మార్లు, నూనె పొరయు మాయమై తోలెండె
కడుగఁ గడుగ మోము కళను బాసె!

కడిగిన పది నిమిషాలకు నవ్వబోతే చెంపలు పట్టేస్తాయి. గోటితో గీస్తే పలక మీద బలపంతో గీసినట్టు తెల్లని గీత పడుతుంది.

గండికోట మాస్టారు
'రోజు కారు' దగ్గర పాదం ఆగి, 'మార్లు' అని కింద దిగడం నాకు చాలా నచ్చింది. విసుగులేని ఆ కడుగుడు ఆ విరుపులోనే వినిపించింది. ఒక్క మాట మాత్రం ముల్లులా ఉంది. 'తోలెండె' ఏమిటి? తోలు పశువులకు. మనిషికి చర్మం. 'మేనెండె' అనండి, గణం చెడదు.

ధర్మవరం మగ్గం
తోలు పశువులకే అయితే ఆ తోలుకూ ఒక మోము ఉంది, చూడండి మాస్టారూ.

తోలుబొమ్మ మోము దుమ్ము పట్టె ననుచు
నీటఁ గడిగినాఁడు నేర్పు లేక;
రంగులన్ని కరఁగె, రావణునకు నైన
కడుగఁ గడుగ మోము కళను బాసె!

మాకు దగ్గరే నిమ్మలకుంట. అక్కడి కళాకారులు మేకతోలును వెలుగు దూరేంత పలుచగా తీర్చి, దాని మీద రంగులు వేస్తారు. ఆ బొమ్మను కడిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

బురుజు నీడ
ఆహా! 'రావణునకు నైన' అన్న చోట తెర వెనుక దీపం కనిపించింది.

గండికోట మాస్టారు
పద్యం నడక మీద నాకు అభ్యంతరం లేదు. రావణుడికి పది తలలు ఉండగా 'మోము' ఏకవచనం ఎలా నిలుస్తుంది? అసలు సంగతి మరొకటి. పోయిన నెల ఎద్దు సమస్య ఇచ్చినప్పుడు ఈయన 27 అడుగుల లేపాక్షి నందిని చూపించి తప్పించుకున్నారు. ఇప్పుడు ముఖం అంటే బొమ్మను చూపిస్తున్నారు. ప్రాణమున్నదాని గురించి అడిగిన ప్రతిసారీ ప్రాణం లేనిదాని వెనక్కు వెళ్లడం పూరణమా?

ధర్మవరం మగ్గం
ఏకవచనం జాతికి చెల్లుతుంది. నందిని తలచుకున్నారు కనుక నేనూ తలచుకుంటాను. ఆ సమస్యకే మీరు ఇచ్చిన పూరణంలో రెండో పాదాన మొదటి అక్షరం 'పా'కు జతగా నడుమ 'మా' యతి వేశారు. పు–ము చెల్లుతుంది గాని పా–మా ఎక్కడ చెల్లుతుంది? ఆ రోజు పెద్దవారని ఊరుకున్నాను. ఈనాటికీ మీరు దిద్దలేదు.

గండికోట మాస్టారు
దిద్దుతాను. తప్పు తప్పే. కాని నా తప్పు మీ నందికి ప్రాణం పోయదు.

నిర్వాహకుడు (కర్నూలు)
పెద్దలిద్దరూ నందిని విడిచి ముఖం దగ్గరికి రండి. ఎర్రగుంట్ల వారి గోటి గీత నన్ను వదలడం లేదు. పెన్నేటి గట్టు అక్క చర్మవ్యాధుల విభాగంలో నర్సు కదా, ఒక మాట చెబితే బాగుంటుంది.

పెన్నేటి గట్టు (అనంతపురం)
రాత్రి డ్యూటీ ముగించుకొని ఇప్పుడే చదివాను. ఎర్రగుంట్ల అన్నా, మీరు పూరించింది సమస్య కాదు, ఉన్నదున్నట్టు నిజం. అందుకే నాకు ఇప్పటివరకు వచ్చినవాటిలో మీ పద్యమే గొప్పది. నిర్వాహకులు విడ్డూరం అనుకొని ఇచ్చిన పాదాన్ని మా ఓపీలో రోజూ చూస్తాను.

ముఖ చర్మం పైపొరకు కొంచెం పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ 5కు అటూ ఇటూ. మామూలు ఒంటిసబ్బు క్షారం, 9 నుంచి 10. రోజుకు ఆరుసార్లు రుద్దితే పైకణాలను పట్టి ఉంచే కొవ్వు పోతుంది, లోపలి తేమ గాలిలో కలిసిపోతుంది. నునుపైన చర్మం మీద పడిన వెలుతురు తిన్నగా మన కంటికి తిరిగివస్తుంది. పొట్టు లేచి గరుకెక్కితే చెదిరిపోతుంది. మనం కళ అనేది చాలావరకు ఆ తిరిగివచ్చే వెలుతురే. దీనికి తోడు బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది. బకెట్ అంచుకు తెల్లగా అంటుకుంటుందే, అదే చెంప మీద కూడా పలుచగా మిగులుతుంది. కడిగిన కొద్దీ ముఖం మాసినట్టు కనబడడానికి అదొక కారణం.

చేయవలసింది చాలా తక్కువ. ఉదయం వట్టి నీళ్లు, గోరువెచ్చనివి, వేడివి కాదు. సాయంత్రం పని దిగాక సబ్బు గుణం లేని మెత్తని ఫేస్‌వాష్‌తో ఒక్కసారి. తువ్వాలుతో అద్దాలి, తుడవకూడదు. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్ రాయాలి, ఆ చెమ్మను పట్టి ఉంచడమే దాని పని. అనంతపురంలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. గాలి ఎప్పుడూ పొడే. జిడ్డు ముఖమని ఇది మానకండి, పలుచని జెల్ రకం తీసుకోండి. పగలు దాని మీద సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30. చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలలో దాదాపు 97 శాతాన్ని అది ఆపుతుంది. కాని చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండినంత రాస్తేనే ఆ లెక్క. బఠాణీ గింజంత రాసి పని చేయలేదని చెప్పేవారే ఎక్కువ. ఎండలో తిరిగేవారు రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. అంతే. నెల రోజులు ఇంకేమీ వద్దు. చర్మం పైపొర మారడానికే వయసులో ఉన్నవారికి సుమారు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగితే ఇంకా ఎక్కువ. ఏది కొత్తగా కొన్నా ముందు మోచేతి మడతలో కొన్ని రోజులు రాసి చూడండి.

మరొక్క మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. వడలిన ముఖం వేరు, నల్లని ముఖం వేరు. నలుపు లోపం కాదు. తెల్లబడాలని మెడికల్ షాపులో ట్యూబు అడిగి తెచ్చుకొని, అందులోని స్టెరాయిడ్ వల్ల చెంపలు పలుచబడి, ఎండలోకి వస్తే మండిపోయే పిల్లలను చూస్తున్నాను. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది. అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. నిద్ర, నీళ్లు సరిగా ఉన్నా ముఖం పాలిపోయే ఉంటే రక్తం పరీక్ష చేయించుకోండి. రక్తహీనతకు క్రీము లేదు.

ఇదిగో నా పూరణం:

తడి ముఖమున క్రీము తగినంత రాయక
యెండలోనఁ దిరుగు నెవ్వఁడైన
సబ్బు నొకటె నమ్మి కళలు దెత్తు ననిన
కడుగఁ గడుగ మోము కళను బాసె!

ధర్మవరం మగ్గం
'ముఖమున క్రీము' దగ్గర 'న' గురువు కాదా? క్రావడి వచ్చింది కదా.

గండికోట మాస్టారు
కాదు. సంస్కృత సమాసమైతే గురువవుతుంది. ఇక్కడ రెండూ విడి మాటలు, తేలికగానే పలుకుతాం. అక్కడ ఏ లోపమూ లేదు. లోపం మూడో పాదంలో ఉంది. 'సబ్బు'కు 'కళలు' యతి కుదరదు. పైగా కళ మూడో పాదంలో ఒకసారి, నాలుగో పాదంలో ఒకసారి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి రాసిందని వదిలేయలేను తల్లీ, ఇంత మంచి పద్యంలో ఈ మరక ఉండకూడదు.

బురుజు నీడ
'సౌరు దెత్తు ననిన' అంటే యతి, పునరుక్తి రెండూ ఒక్క దెబ్బకు తీరతాయి.

పెన్నేటి గట్టు (అనంతపురం)
'సౌరు' చక్కగా అమరింది. మార్చుకుంటున్నాను అన్నా.

బురుజు నీడ
అయితే నాది కూడా. మా ఇంట్లో జరిగిందే.

నిమ్మరసము పూసి నిగనిగ లాశించి
మంట వచ్చె నంచు మరల మరల
చల్ల నీళ్లు పోసి సాంత్వన కొఱకయి
కడుగఁ గడుగ మోము కళను బాసె!

గండికోట మాస్టారు
'చల్ల'కు 'సాంత్వన' యతి, వినసొంపు. 'నిగనిగ లాశించి' అన్నప్పుడు ఆ ఆశ ఎంత చిన్నదో తెలిసి జాలి కలిగింది.

పెన్నేటి గట్టు (అనంతపురం)
నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపు. దాన్ని పూసుకొని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్లని మచ్చ మిగలవచ్చు. నిమ్మకాయ మజ్జిగలోకే మంచిది. సున్నిపిండి వాడుకోవచ్చు, మెత్తగా జల్లించి, తడిపి, రుద్దకుండా వారానికి ఒకసారి.

ధర్మవరం మగ్గం
మాస్టారూ, నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను. మీరన్నది నిజం. నా పద్యంలో చమత్కారం ఉంది, ముఖం లేదు. ఎర్రగుంట్ల అన్న పద్యంలో ఉంది. బహుమతి ఆయనకే ఇవ్వమని నిర్వాహకులను కోరుతున్నాను. కాని 'తోలెండె'ను దిద్దవద్దు.

*(ఐదు వారాల తర్వాత)*

ఎర్రగుంట్ల లెక్కలు
అక్కా, రెండుసార్లకు తగ్గించాను. మొదటి వారం కష్టమయింది, పొడి మీద పడగానే చేయి కొళాయి వైపు పోయేది. ఇప్పుడు పని చేసేటప్పుడు ముఖానికి పలుచని నూలుగుడ్డ కట్టుకుంటున్నాను. సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవు రాస్తున్నాను. ఈ ఉదయం అద్దం ముందు గోటితో గీసి చూశాను. గీత పడలేదు. మా అమ్మ నిద్ర బాగా పట్టిందా అని అడిగింది. మాస్టారు చెప్పినట్టు మూడో పాదాన్ని 'మేనెండె' అని మార్చి కింద పెడుతున్నాను.

గండికోట మాస్టారు
మార్చకండి. మేను అంటే ఒళ్లంతా. ఎండింది చెంపలు. మొన్న ఈ వయసులో మొదటిసారి సబ్బుతో కడిగిన వెంటనే నా చెంపను నేను తడిమి చూసుకున్నాను. తోలే. పద్యాన్ని మొదట ఉన్నట్టే ఉంచండి.