అప్‌డేట్: ఆస్ట్రా ఎఫ్ సెడాన్ 1.6, టైమింగ్ బెల్ట్ తీయకుండా థర్మోస్టాట్ మార్చవచ్చా?

అడిగింది ఇదీ: ఒపెల్ ఆస్ట్రా ఎఫ్, 1598 సీసీ, 8 వాల్వుల సింగిల్ పాయింట్ ఇంజెక్షన్ ఇంజన్. హైవే మీద టెంపరేచర్ ముల్లు పడిపోతోంది, హీటర్ గోరువెచ్చగానే ఉంది. మీరంతా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్, అంటే చల్లబరిచే నీళ్లు, రేడియేటర్‌కు వెళ్లకుండా ఆపే వాల్వు) పాడైందన్నారు. అదే. కానీ టైమింగ్ బెల్ట్ (కింది క్రాంక్ షాఫ్ట్‌తో, వాల్వులు తెరిచే పై క్యామ్ షాఫ్ట్‌ను కలిపి తిప్పే పళ్ల బెల్ట్) తీయక తప్పలేదు, ఎందుకంటే ఈ ఇంజన్‌లో థర్మోస్టాట్ హౌసింగ్ క్యామ్ పుల్లీ వెనకే ఉంటుంది. పాతది తెరుచుకునే ఉండిపోయింది. 92 డిగ్రీలకు తెరుచుకునే కొత్తది వేశాక ముల్లు నిలకడగా ఉంది, హీటర్ వేడెక్కింది.

బెల్ట్ ఎలాగూ తీశాం కాబట్టి వాటర్ పంపు, టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచే చక్రం) కూడా మార్చండి. ఈ పంపు నీళ్లు తోయడానికే కాదు. దాన్ని తిప్పితేనే బెల్ట్ బిగుతు మారుతుంది. బ్లాక్‌లో పంపు కూర్చునే చోట తుప్పు గీకి, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయకపోతే, తర్వాత పంపు తిరగదు. మొండిగా తిప్పితే రింగు చిరిగి కూలెంట్ కారుతుంది. పాత రింగు అలాగే పోయింది.

క్యామ్, క్రాంక్ గుర్తులు కలిపి, పంపును తిప్పి టెన్షనర్‌ను చివరిదాకా బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే టెన్షనర్ మీది ముల్లు దాని గాటుకు ఎదురుగా వచ్చేదాకా వదులు చేయాలి. క్యామ్ పుల్లీ బోల్ట్ 45 న్యూటన్ మీటర్లు. ఆఖరున మళ్లీ రెండు చుట్లు తిప్పి గుర్తులు చూడండి, ఈ పని మాత్రం దయచేసి వదలొద్దు.