ఇంటి నుంచి ఆవుల కొట్టం దాకా నెట్: కేబులా, ఫైబరా, గాలిలోనా?

పాకాల_తోట:
అన్నలూ, ఒక సలహా కావాలి. మాది పాకాల దగ్గర పల్లె. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, రౌటర్ ముందు హాల్లో ఉంది. ఇంటి వెనక సుమారు 70 మీటర్ల దూరంలో ఆవుల కొట్టం, దాన్ని ఆనుకుని ఒక గది. తమ్ముడిది బెంగళూరు కంపెనీ, పని మాత్రం ఇక్కడి నుంచే. ఇంట్లో పిల్లల గోల పడలేక ఆ గదిలో కూర్చుంటానంటున్నాడు. కొట్టంలో రెండు కెమెరాలు కూడా ఉండాలని మా నాయన పట్టు, ఈనే ఆవుల్ని చూడ్డానికి అర్ధరాత్రి టార్చి పట్టుకుని వెళ్లే పని తప్పుతుందని. మధ్యలో రెండు వరసల బెంగళూరా మామిడి చెట్లు, ట్రాక్టర్ దారి ఉన్నాయి. కొట్టానికి రేకుల కప్పు. ఇంటి కరెంటు ఒక సర్వీసు, కొట్టానిది ఇంకో సర్వీసు. షాపులో అడిగితే మెష్ (ఒకదాన్నుంచి ఇంకొకటి వైఫై అందుకుని పంచే పెట్టెలు) పెట్టుకోండి, సరిపోతుంది అన్నారు. నిజమేనా?

తిరుచానూరు_రోడ్డు:
అది ఒకే ఇంట్లో గోడల మధ్య వాడుకునే సరుకు. 70 మీటర్లు, చెట్లు, పైన రేకులు అంటే కష్టం. గదిలో మెష్ పెట్టె పెడితే ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో కాల్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ గీతలు ఫోన్‌కీ పక్కనున్న పెట్టెకీ మధ్య సంగతే చెబుతాయి, ఆ పెట్టెకి ఇంటి నుంచి ఎంత అందుతోందో చెప్పవు. మెష్ కొన్నా సరే, రెండు పెట్టెల మధ్య వైరు లాగితేనే పనికొస్తుంది.

పలమనేరు_పాడి:
కరెంటు వైరు మీదే నెట్ పంపే అడాప్టర్లు ఉన్నాయని ఎవరైనా చెబితే వాటి జోలికి పోవద్దు. ఒకే మీటరు కింద ఉంటేనే వాటికి దిక్కు. మీకు రెండు సర్వీసులు. మా షెడ్డులో ఒకే సర్వీసు మీద పెట్టి చూశాం, పాలు పితికే మిషన్ ఆన్ చేస్తే చాలు నెట్ పడిపోయేది.

కేబుల్_మామ:
తమ్ముడూ, 70 మీటర్లకు క్యాట్ 6, అంటే నెట్‌కు వాడే రాగి తీగల కేబుల్, హాయిగా సరిపోతుంది. రూలు 100 మీటర్లు, అందులో రెండు చివర్ల చిన్న ముక్కలూ కలిపే. కొనేటప్పుడు రెండు చూసుకో. ఒకటి, బయట వాడే నల్ల తొడుగు రకమై ఉండాలి. ఇంట్లో వాడే బూడిద రంగుది ఎండకు పెళుసెక్కి చీలిపోతుంది. రెండు, లోపల నిఖార్సైన రాగి ఉండాలి. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి సగం ధరకు అమ్ముతారు. తీగ మీద బ్లేడుతో గీకు, లోపల తెల్లగా కనిపిస్తే తిరిగిచ్చెయ్.

చెట్ల మీదుగా మాత్రం లాగకు. కాయ కోతలప్పుడు చిక్కాల కర్రలకు తగులుకుంటుంది, ఉడుతలు కొరుకుతాయి. రెండడుగుల కాలవ తీసి నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేసి అందులో లాగు. ట్రాక్టర్ దారి కింద ఇనుప పైపు. కరెంటు వైరు అదే పైపులో వద్దు, వేరే పైపులో ఒక అడుగు ఎడంగా పోవాలి. కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా లోపల వదిలిపెట్టు, రేపు ఇంకొకటి లాగాలంటే అదే దిక్కు.

చంద్రగిరి_నెట్‌పని:
మామా, దూరం లెక్క, కాలవ లెక్క అన్నీ కరెక్టే. నా అభ్యంతరం అందులో వేసే రాగి మీదే.

రెండు సర్వీసులంటే రెండు ఎర్తింగులు. దగ్గర్లో పిడుగు పడితే ఇంటి దగ్గర నేలకూ కొట్టం దగ్గర నేలకూ క్షణకాలం పెద్ద ఓల్టేజి తేడా వస్తుంది. ఆ రెంటినీ కలిపే రాగి తీగ ఉంటే కరెంటు దాని గుండానే పరుగెడుతుంది. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు. పక్క తోటలో టెంకాయ చెట్టు మీద పడినా రెండు వైపులా పోర్టులు పోతాయి. సర్జ్ ప్రొటెక్టర్ (ఉన్నట్టుండి ఎగిసే ఓల్టేజిని అడ్డుకునేది) పెడితే దెబ్బ తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. లోహపు రేకు చుట్టిన కేబుల్ ఇంకా మంచిదని అమ్ముతారు కానీ, దాన్ని రెండు చివరలా ఎర్త్‌కి కలిపితే ఇలాంటి చోట మరీ చేటు.

అదే కాలవలో ఫైబర్ వేస్తే ఈ గొడవ లేదు. గాజులో కరెంటు పోదు. సింగిల్ మోడ్ డ్రాప్ కేబుల్ (ఇళ్లకు నెట్ ఇచ్చేటప్పుడు లాగే సన్న ఫైబర్), రెండు గిగాబిట్ మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని కాంతిని మామూలు నెట్ వైరుకు మార్చే చిన్న పెట్టెలు) చాలు. కన్వర్టర్లు ఏ, బీ జతగా కొనాలి: ఒకటి 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550ది అందుకుంటుంది, రెండోది దానికి రివర్సు. రెండూ ఏ రకమే తెస్తే లింకు రాదు. కనెక్టర్ రంగు కూడా చూడండి, ఆకుపచ్చది నీలంలో దిగినా కాంతి సరిగ్గా పోదు. అతుకు వేసే మిషన్ మీ ఊళ్లో నెట్ కనెక్షన్లు ఇచ్చే కుర్రాళ్ల దగ్గర ఉంటుంది.

ఒక్క సంగతి చాలామంది వదిలేస్తారు. డ్రాప్ కేబుల్‌కు బలానికని పక్కన స్టీలు తీగ వస్తుంది. దాన్ని రెండు చివరలా గోడ బయటే కత్తిరించెయ్యాలి. లేదంటే ఫైబర్ వేసి కూడా రెండు ఇళ్ల మధ్య మళ్లీ లోహం కట్టినట్టే. లోపల ప్లాస్టిక్ పుల్లలుండే రకం దొరికితే ఇంకా మేలు.

కపిలతీర్థం_కింద:
తవ్వడానికి వీల్లేని వాళ్లకు నా అనుభవం. మాకు మధ్యలో వీధి ఉంది, అందుకే రెండు మేడల మీద 5 గిగాహెర్ట్జ్ బ్రిడ్జి జత (ఎదురెదురుగా గాలిలో నెట్ పంపుకునే రెండు యాంటెన్నాలు) పెట్టుకున్నాం. ఈ బ్యాండ్లకు మనదేశంలో 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. వానలోనూ ఢోకా లేదు, మాకు గొడవంతా కోతులతోనే. కొండ దిగి వస్తాయి, కేబుల్ పట్టుకుని ఊగుతాయి, యాంటెన్నా ముఖం తిప్పేసి పోతాయి. కేబుల్ మొత్తం ఇనుప పైపులో దూర్చి, యాంటెన్నాను రెండు క్లాంపులతో బిగించాక నిమ్మళంగా ఉంది.

మీకు మాత్రం చెట్లు అడ్డం. మామిడి ఆకు రాల్చే చెట్టు కాదు, ఏడాది పొడుగునా గుబురే. తడిసిన ఆకు ఈ సిగ్నల్‌ను మింగేస్తుంది. ఎదురుగా యాంటెన్నా కంటికి కనిపిస్తే చాలదు, 70 మీటర్లకు నడిమధ్యన, రెండు యాంటెన్నాలను కలిపే గీత చుట్టూ ఒక మీటరు ఖాళీ ఉండాలి.

పాకాల_తోట:
మా చెట్లు ఇరవై అడుగుల పైనే ఉన్నాయి. అంత ఎత్తు పోలు నాయన ఒప్పుకోడు. కాలవే తీస్తాం. మరి ఫైబర్ వేస్తే కెమెరాలకు కరెంటు ఎట్లా?

కేబుల్_మామ:
అదీ సంగతి. రాగిలో నెట్‌తో పాటు కరెంటూ పంపొచ్చు, ఫైబర్‌లో కుదరదు. ఒకే మీటరు కింద ఉండే అవుట్‌హౌస్‌కైతే నేను ఇప్పటికీ క్యాట్ 6 అంటాను. మీ రెండు సర్వీసుల కథకు మాత్రం చంద్రగిరి ఆయన మాటే వినండి. గదిలో ఒక పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే కరెంటూ పంపే పెట్టె) పెట్టి అక్కడి నుంచి కెమెరాలకు క్యాట్ 6 లాగితే, కరెంటు ఆ స్విచ్ ఇస్తుంది. అదంతా కొట్టం సర్వీసు మీదే కదా, భయం లేదు.

పలమనేరు_పాడి:
స్విచ్ గదిలోనే పెట్టండి, కొట్టంలో వద్దు. మూత్రం ఘాటుకు, కడిగే నీళ్ల తేమకు పోర్టులు పచ్చగా చిలుమెక్కుతాయి. స్పీడు గురించి టెన్షన్ వద్దు, రెండు మెగాపిక్సెల్ కెమెరాకు రెండు నుంచి నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. రెండు వైపులా చిన్న యూపీఎస్ పెట్టండి, లేకపోతే ఏ ఒక్క సర్వీసు పోయినా లింకు పోతుంది.

చంద్రగిరి_నెట్‌పని:
గదిలో వైఫై కోసం ఇంట్లో పాత రౌటర్ ఉంటే అదే చాలు. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే పంచేలా పెట్టండి. ఆ మోడ్ లేకపోతే డీహెచ్‌సీపీ (ఫోన్లకు, కంప్యూటర్లకు అడ్రసులు పంచే పని) ఆపేసి, పాత రౌటర్‌కు అడ్రసు 192.168.1.2 లాంటిది ఇచ్చి, వైరు వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులో కాకుండా లాన్ (ఇంట్లో పరికరాలకు ఇచ్చే) పోర్టులో గుచ్చండి. ఇంటి రౌటర్ అడ్రసు 192.168.1.1 అయితేనే ఈ నంబరు, లేకపోతే దానికి తగ్గట్టు మార్చుకోవాలి. పేరూ పాస్‌వర్డూ ఇంటివే పెడితే తమ్ముడు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడిచినా మళ్లీ కలుపుకోనక్కర్లేదు. ఛానెల్ మాత్రం వేరు: ఇంట్లో 1 అయితే అక్కడ 6 గానీ 11 గానీ.

పాకాల_తోట:
అర్థమైంది అన్నా. కాయ లారీలు ఎక్కాక, వానలు పట్టకముందే జేసీబీ పిలుస్తాం.

కేబుల్_మామ:
మామిడి మొదళ్లకు దూరంగా, ట్రాక్టర్ దారి అంచునే తవ్వించు, వేళ్లు తెగవు. పైపు రెండు మూతులకీ ఇనుప జల్లెడ కట్టు, ఎలుకలు దూరతాయి. మట్టి తోసే ముందు కన్వర్టర్లు రెండూ తగిలించి లింకు లైటు వెలుగుతుందో లేదో చూడు. కాంతి వస్తుందా అని ఫైబర్ కొనలో కన్ను పెట్టి మాత్రం చూడొద్దు, అది కంటికి కనపడని లేజరు.