సమస్యాపూరణం: కూలి పెరిగిన దినమున కూడు తగ్గె

నిర్వాహకుడు (అమలాపురం):
ఈ వారం తేటగీతి చివరి పాదం ఇస్తున్నాను, అర్థం కుదిరేలా పై మూడు పాదాలు మీరు కట్టాలి:

*కూలి పెరిగిన దినమున కూడు తగ్గె*

పని, జీతం, కార్మిక చట్టాల మీద మన నాయకులు తలో మాట అంటున్న రోజులివి. ఎవరి వాదన మీదైనా రాయండి. పార్టీలను తిడితే పద్యం తీసేస్తాను. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం) తప్పితే తీసేయను గానీ ఊరుకోను.

రొయ్యల షెడ్డు (భీమవరం):

తొమ్మిదిని పది చేసిరి దొరలు నేడు
ఆరు గంటలు గడిచిన యపుడె ముద్ద
ఓటి యని జోడు కూలిచ్చి రొప్పుకొంటి
కూలి పెరిగిన దినమున కూడు తగ్గె

కాకినాడ మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయి. పాదాల చివర ఆగి చదువుతాం కాబట్టి సంధి చేయలేదన్న విసంధి దోషం పట్టను. కానీ తొమ్మిదేమిటండీ? చికాగో కార్మికులు 1886లో ఎనిమిది గంటల కోసం కదా పోరాడింది! ‘ఆరు గంటలు’ కూడా అర్థం కాలేదు.

రొయ్యల షెడ్డు:
1948 ఫ్యాక్టరీల చట్టంలో వారానికి 48 గంటలు, రోజుకు మహా అయితే 9 అని ఉండేదండి. 2025లో మన రాష్ట్రం ఆ తొమ్మిదిని పది చేసింది, 48 మాత్రం కదపలేదు. అప్పటిదాకా అయిదు గంటలకు ఒకసారి విశ్రాంతి ఉండేది, ఆ సవరణతో అది ఆరు గంటలకు అయింది. ఓటీ, అదే ఓవర్‌టైమ్, మూడు నెలలకు 75 గంటలు దాటకూడదనేవారు, దాన్ని 144 చేశారు. అంటే డబ్బు పెరిగే దారీ, అన్నం ఆలస్యమయ్యే దారీ ఒకే సవరణలో వచ్చాయి. పద్యం నేను కట్టాను గానీ చమత్కారం చట్టానిదే.

నిర్వాహకుడు:
‘ఓటి’లో ఓటికుండ కూడా వినిపిస్తోంది. కావాలని వేశారా?

రొయ్యల షెడ్డు:
లేదండి. ఇప్పుడు మీరు చెప్పాక కావాలనే వేశానంటాను.

పూతరేకు (ఆత్రేయపురం):
రెండో వైపు కూడా చెప్పాలి కదండీ. చట్టం ఇలా సడలిస్తేనే పెట్టుబడులు వస్తాయనీ, అంగీకారం ఉంటే ఆడవాళ్లు రాత్రి షిఫ్టు చేసి నాలుగు డబ్బులు సంపాదిస్తారనీ ప్రభుత్వం వాదన. కార్మిక శాఖ మంత్రి మన రామచంద్రపురం ఎమ్మెల్యేనే. సీపీఐ, సీపీఎం మాత్రం ఇది యజమానుల సవరణేనని రోడ్డెక్కాయి. మా అబ్బాయి హైదరాబాద్‌లో పదకొండు గంటలు చేస్తాడు. ఓటీ లేదు, పద్యం రాసే ఓపికా లేదు.

రొయ్యల షెడ్డు:
పది గంటలు పనుంటే ఆ గొడవేదో పడొచ్చండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం అయ్యాక మా దగ్గర రొయ్యల తలకాయలు తీసేవాళ్లకు రోజు మార్చి రోజు పిలుపు వచ్చింది.

వరిమడి (ముమ్మిడివరం):
ఆ ‘రోజు మార్చి రోజు’ చూశాకే నాది తోచింది.

వరిని గోసెడి మర వచ్చె వడివడిగను
పదుగు రొకచోట చేసెడి పనిని మింగె
రోజు కూలి హెచ్చెను గాని రోజు లేదు
కూలి పెరిగిన దినమున కూడు తగ్గె

కాకినాడ మాస్టారు:
మూడో పాదం చదివి చాలాసేపు కళ్లజోడు తీసి కూర్చున్నాను. ‘రోజు’ అనే ఒక్క మాటను రెండు రకాలుగా వాడి, ఎక్కడా బలవంతం లేకుండా సమస్యను విప్పేశారు. నాయకులందరూ రేటు గురించి మాట్లాడతారు, కూలివాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. ‘వడివడిగను’ మాత్రం యతి కోసం వచ్చిన అతిథి. అయినా ఉండనివ్వండి.

వరిమడి:
మేం రైతులం మరని సరదాకి తెచ్చుకోలేదండి. 2011 ఖరీఫ్‌లో కోనసీమలో పంట విరామం ప్రకటించినప్పుడు కూలీలు దొరక్కపోవడం, మద్దతు ధర చాలకపోవడం, మురుగు కాలువలు పూడిపోవడం అన్నీ కలిసొచ్చాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఉపాధి హామీని వ్యవసాయానికి జోడించండని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాం.

కొత్తకలం (పాలకొల్లు):
నమస్కారమండి. ఇది నా రెండో పద్యం. తప్పులుంటే దిద్దండి.

మూడు వందల యేడిచ్చు పనికి పోతి
ఎండలో గంప మోసితి నెల్ల పొద్దు
చేతి కందక వారాలు చెల్లి పోయె
కూలి పెరిగిన దినమున కూడు తగ్గె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో ‘మూ’కు ‘ప’తో యతి కుదరదు. ‘ముదముతోడ’ అని అతికించొచ్చు గానీ, ఎండలో గంప మోసేవాడికి ముదమేమిటి? మీ ఊళ్లో ఏం పని చేయించారు?

కొత్తకలం:
మురుగు కాలువ పూడిక తీయించారండి.

నిర్వాహకుడు:
ఇంకేం! *మూడు వందల యేడిచ్చు మురుగు పనికి* అనండి. యతీ వచ్చింది, పనీ తెలిసింది. ‘యేడిచ్చు’లో ఏడుపు దానంతటదే వినిపిస్తోంది, దాన్ని ముట్టుకోవద్దు.

పూతరేకు:
307 మన రాష్ట్రానికి 2025-26లో ఉపాధి కూలి రేటు. కానీ కొలతల్ని బట్టి వస్తుంది, అందరికీ అంతా పడదు. 15 రోజుల్లో చెల్లించాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే చెప్పారు. మూడో పాదం అందుకే నిలబడుతుంది.

వరిమడి:
2025 డిసెంబరులో ఉపాధి హామీ బదులు కొత్త చట్టం తెచ్చారుగా. వంద రోజులు 125 అయ్యాయి, నాట్లు కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపొచ్చు. మా కోరిక కొంతైనా తీరిందనుకున్నాం.

కొత్తకలం:
ఆయ్, తప్పయితే క్షమించండి. మీ పద్యంలోనేమో కోతలు మర మింగేసింది. మరి ఆ అరవై రోజులు మేం ఎవరి చేలోకి వెళ్లాలండీ?

కాకినాడ మాస్టారు:
దీన్నే పద్యం చెయ్యి బాబూ. రెండో పద్యమంటే నమ్మలేకపోతున్నాను. ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతమైంది కాబట్టి పనే తగ్గుతుందని కాంగ్రెసు, వామపక్షాలు అంటున్నాయి. రోజులు పెరిగాయి కదా అని కూటమి పక్షాలు అంటున్నాయి. నేనో పద్యం వేస్తున్నాను, దిద్దే పని మీది.

కొలువు లిరువది లక్షలు కూట మనియె
ఊరి వారికె ముప్పాతి కొకరు తొల్లి
కాగితమ్మున బెరిగెను కడుపు నడుగ
కూలి పెరిగిన దినమున కూడు తగ్గె

నిర్వాహకుడు:
2024 ఎన్నికల్లో చెప్పిన 20 లక్షల ఉద్యోగాలు, 2019 చట్టంలోని 75 శాతం స్థానిక కోటా. కూటమికీ, అంతకుముందు ప్రభుత్వానికీ చెరో పాదం! ‘డెబ్బై అయిదు’ బదులు ‘ముప్పాతిక’ పట్టారు, బాగుంది. కానీ మాస్టారూ, కాగితం మీద పెరిగింది కొలువు, నాలుగో పాదంలో పెరిగింది కూలి. అన్వయం కాస్త జారింది. ఇంకొకరిదైతే మీరు వదిలేవారా?

కాకినాడ మాస్టారు:
వదిలేవాణ్ణి కాదు. ఒప్పుకున్నాను.

పూతరేకు:
అందరూ ఏడిపిస్తున్నారు. కూలి పెరిగితే కూడు తగ్గడం మంచిదే కావచ్చు కదండీ?

పులస పులుసును వండెను పొలతి నేడు
కూర యొకదాని పైనొక్క కూర పడగ
అన్న మొక మూల నక్కిన దాకు లోన
కూలి పెరిగిన దినమున కూడు తగ్గె

వరిమడి:
అదిరిందండి! మా తాత గొడ్డుకారంతో గుట్టంత అన్నం తినేవాడు. చేతిలో డబ్బాడాక మా నాన్న సగం అన్నం, రెండు కూరలు. మీరు చెప్పింది నిజమే.

రొయ్యల షెడ్డు:
అంతా బాగుంది గానీ పులసేమిటండీ? పుస్తెలమ్మైనా తినాలన్నారు గానీ, కూలి డబ్బుతో తినొచ్చన్నారా?

నిర్వాహకుడు:
ఔచిత్య దోషమే. *చేప పులుసును వండెను చెలియ నేడు* అంటే యతి చెడకుండా సరిపోతుంది.

పూతరేకు:
సవరణ తలకెత్తుకున్నానండి. మీ ప్రతిలో చేప వేసుకోండి. నా నోటుపుస్తకంలో మాత్రం పులసే ఉంటుంది, పద్యంలోనైనా తిననివ్వండి.