అప్‌డేట్: అంబాసిడర్ టైమింగ్ సమస్య తీరింది, తప్పు డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంది

పోయిన నెల అడిగాను కదా, నాన్నగారి 1986 పెట్రోల్ అంబాసిడర్ ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ టకటకమని కొట్టుకుంటోంది, టైమింగ్ (ప్లగ్గులో స్పార్క్ వచ్చే సమయం) వెనక్కి తిప్పితే శబ్దం పోతోంది కానీ బండి లాగట్లేదు అని. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది)కి వెళ్లే వాక్యూమ్ పైపు, అదే ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకి జరిపేది, తీసి మూసేసి టైమింగ్ లైట్‌తో (స్పార్క్ ఎప్పుడొస్తోందో చూపించే లైటు) చూడమన్నారే, అదే పనిచేసింది. ఐడిల్‌లో టైమింగ్ గుర్తు సరిగ్గానే ఉంది, యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే ఒక్కసారిగా ముందుకి దూకేస్తోంది. వాక్యూమ్ లేకుండానే స్పార్క్ అంత ముందుకి (అడ్వాన్స్) జరిగిందంటే తేడా డిస్ట్రిబ్యూటర్ లోపల, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని స్పార్క్‌ని ముందుకి జరిపే బరువుల దగ్గరే అని విజయనగరంలో పాత మేస్త్రి దగ్గరకి తీసుకెళ్లాను. డిస్ట్రిబ్యూటర్ విప్పి పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటు తెంచే చిన్న స్విచ్) కింద ప్లేట్ ఎత్తగానే "ఇదిగో బాబూ, స్ప్రింగు ఇరిగిపోనాది" అని చూపించారు. రెండు స్ప్రింగుల్లో ఒకటి కొక్కెం దగ్గర తెగి గ్రీజులో పడుంది, సన్నగా గోరంత ముక్క. అది లేక బరువులు ముందే విచ్చుకుని స్పార్క్ తొందరగా వచ్చేస్తోంది, అందుకే ఆ టకటక.

అదే సైజు స్ప్రింగు వేసి, ముందు పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. పెట్టి, తర్వాతే టైమింగ్ సెట్ చేశారు, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారిపోతుంది.

కార్బురేటర్ క్లీనింగ్, కొత్త ప్లగ్గులు, పెట్రోల్ బంకు మార్చడం, వీటికీ దీనికీ సంబంధం లేదు. మొన్న ఆదివారం నలుగురం ఎక్కి మళ్లీ అదే ఘాట్ వెళ్లాం, ఒక్క టక్ లేదు, నాన్నగారు దారంతా కిటికీ దించి ఇంజనే విన్నారు.