ఐదు నెలల కవలలు: ఒకడు బోర్లా పడుతున్నాడు, ఇంకొకడికి మెడే నిలవలేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు మగపిల్లలు, కవలలు. 34 వారాలకే పుట్టారు, పెద్దవాడు 2.1 కిలోలు, చిన్నవాడు 1.7. ఇప్పుడు ఐదు నెలలు నిండాయి. పెద్దవాడు నాలుగు రోజులుగా బోర్లా పడుతున్నాడు, చిన్నవాడికేమో ఎత్తుకుంటే ఇంకా మెడ కాస్త వాలిపోతోంది. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి "వీడేంటి ఇలా ఉన్నాడు" అంటున్నారు, విని విని నాకూ అదే టెన్షన్ పట్టుకుంది. రాత్రి నిద్రన్నది లేదు. ఒకడు తాగి పడుకునేసరికి రెండోవాడు లేస్తాడు, వాడి పని అయ్యేసరికి మళ్ళీ మొదటివాడు. పగలు ఎవరికి పాలు పట్టానో ఎవరికి పట్టలేదో కూడా గుర్తుండటం లేదు. కవలల్ని పెంచినవాళ్ళు చెప్పండి, ఇది ఎప్పటికి తేలికవుతుంది? రెండు మూడేళ్ళు వచ్చాక ఎలా ఉంటుంది?

జవాబు: నాలుగేళ్ళ ఆడపిల్లల అమ్మ

ముందు వయసు లెక్క మార్చుకోండి. పుట్టి ఐదు నెలలైనా ఆరు వారాలు ముందే వచ్చారు కదా, అవి తీసేస్తే వాళ్ళకి ఇప్పుడు మూడున్నర నెలలే. మెడ, బోర్లా పడటం, కూర్చోవడం, నడక, మాట, అన్నీ రెండేళ్ళు వచ్చేదాకా ఈ లెక్కతోనే చూడాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. మూడున్నర నెలలకు మెడ కాస్త వాలడం పెద్ద విషయం కాదు, నిజానికి మీ పెద్దవాడే తొందరగా బోర్లా పడుతున్నాడు. ఈ లెక్కలో నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోతే, లేదా ఒళ్ళు మరీ బిగుసుకుపోయినట్టో మరీ వేలాడినట్టో ఉంటే, కళ్ళతో మిమ్మల్ని వెతుక్కోకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. ఈలోపు మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే కూర్చుని కాసేపు బోర్లా పడుకోబెడుతూ ఉండండి, మెడకు బలం వచ్చేది అలాగే.

ఇక రాత్రి సంగతి. నేను ఒకతి లేస్తే రెండోదాన్ని కూడా లేపి పాలు పట్టేదాన్ని. నిద్రపోతున్న పిల్లని లేపడానికి మొదట్లో మనసొప్పలేదు, కానీ కొన్నాళ్ళకి ఇద్దరికీ ఇంచుమించు ఒకే వేళకి ఆకలి వేయడం మొదలైంది, నాకు రెండు గంటలు వరసగా నిద్ర దొరికింది. తల్లిపాలైతే రెండు పక్కలా దిండ్లు పెట్టుకుని ఇద్దర్నీ రెండు చంకల కింద, కాళ్ళు మీ వీపు వైపు ఉండేలా పట్టుకోవచ్చు. అలవాటయ్యేదాకా పిల్లల్ని అందివ్వడానికి ఇంకో మనిషి ఉండాలి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరు ఎప్పుడు తాగారు, ఎన్ని డైపర్లు తడిపారు, మందు ఎవరికి వేశాం, అన్నీ రాయండి. మా ఇంట్లో ఒకసారి విటమిన్ చుక్కలు ఒకే పిల్లకి రెండుసార్లు వేశాం, రెండోదానికి అసలు వేయలేదు. ఆ రోజు నుంచి రాయకుండా ఏ మందూ వేయలేదు.

ఇంకొకటి మర్చిపోయాను. పెద్దవాడు బోర్లా పడుతున్నాడంటున్నారు, గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటుంటే ఈ రోజే మానేయండి. ఇద్దర్నీ వెల్లకిలా, దిండ్లూ బొమ్మలూ లేకుండా, ఎవరి క్రిబ్‌లో వాళ్ళని పడుకోబెట్టండి. ఒకే గదిలో ఉండొచ్చు, ఒకే పరుపు మీద మాత్రం వద్దు.

జవాబు: ఒక నాన్న

అక్కా, మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. రాత్రంతా ఇద్దరూ మేలుకోకండి. మేం తొమ్మిది నుంచి రెండు దాకా నేను, రెండు నుంచి ఏడు దాకా ఆమె అని పంచుకున్నాం. నా వంతులో పిండి ఉంచిన పాలు పట్టేవాణ్ణి. ఐదు గంటలు ఏకధాటిగా పడుకున్న మనిషికీ, గంటకోసారి లేచిన మనిషికీ ఎంత తేడా ఉంటుందో మా ఇంట్లో చూశాను.

నేను ఆలస్యంగా గుర్తించింది ఇంకొకటి. పిల్లలు నిద్రపోయినా నా భార్యకి నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడ్చేది, "నా వల్ల కాదు" అనేది. అలసట అనుకుని ఊరుకున్నాను. అది డిప్రెషన్. కవలలు పుట్టిన తల్లులకి ఆ ప్రమాదం ఎక్కువ. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, మందులతో, మాటలతో నయమవుతుంది. మీ ఇంట్లోవాళ్ళకి కూడా ఇది చదివి వినిపించండి.

జవాబు: చిన్నపిల్లల టీచర్, కవలల తల్లి

మీరు రెండు మూడేళ్ళ గురించి అడిగారు కాబట్టి. పని తగ్గదు, రకం మారుతుంది. ఏడాదిన్నర ప్రాంతంలో కొరకడం మొదలవుతుంది, మాటలు రాని కోపం పళ్ళతో చూపిస్తారు. కొరికినవాణ్ణి తిట్టడానికంటే ముందు దెబ్బ తగిలినవాణ్ణి ఎత్తుకోండి. అన్ని బొమ్మలూ రెండేసి కొనక్కర్లేదు గానీ, ఎవరికి వాళ్ళకి తమదే అనుకునే వస్తువు ఒకటి ఉండాలి, దాన్ని పంచుకోమని బలవంతపెట్టొద్దు. టాయిలెట్ అలవాటు ఇద్దరికీ ఒకేసారి రావాలని లేదు, మా వాళ్ళకి ఐదు నెలల తేడా వచ్చింది.

మాట విషయంలో మాత్రం జాగ్రత్త. కవలలకి మాటలు కొంచెం ఆలస్యమవడం మామూలే, ఎందుకంటే పెద్దవాళ్ళ సమయం ఇద్దరికీ పంచాలి, పైగా వాళ్ళలో వాళ్ళు ఒకరి వచ్చీరాని మాటలు ఒకరు అర్థం చేసేసుకుంటారు. చూసేవాళ్ళు "భలే, వాళ్ళకో సొంత భాష ఉంది" అంటారు, కానీ మనతో మాట్లాడితేనే మాట పెరుగుతుంది. అందుకే రోజూ పది నిమిషాలైనా ఒక్కొక్కరితో విడిగా, రెండోవాడు పక్కన లేకుండా, పేరు పెట్టి పిలిచి మాట్లాడండి. "కవలలూ రండి" అని పిలవొద్దు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోతే వినికిడి పరీక్ష చేయించండి.

బడిలో వేయడానికి వెళ్తే వేరు వేరు సెక్షన్లు అయితేనే మంచిదని కొందరు గట్టిగా చెబుతారు. అందరికీ వర్తించే నియమం కాదది. ఒకరి బదులు ఇంకొకరే ఎప్పుడూ జవాబిస్తుంటే విడదీయడం మేలు చేయొచ్చు, కొత్త చోట భయపడుతుంటే కలిపి ఉంచడమే మంచిది. మీ పిల్లల్ని చూసి తేల్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండీ. మూడున్నర నెలలని తెలియగానే గుండె మీద బరువు దిగినట్టైంది. గుడ్డలో చుట్టడం నిన్నటి నుంచే మానేశాం, నోట్‌బుక్ కూడా మొదలుపెట్టాం. ఈ పొద్దున మా ఆయన పెద్దవాణ్ణి బయట తిప్పుతుంటే చిన్నవాణ్ణి ఒక్కణ్ణే ఒళ్ళో పడుకోబెట్టుకుని పేరు పెట్టి పిలిచాను. పాలు పట్టడానికి కాకుండా వాణ్ణి ఒక్కణ్ణే ఎత్తుకోవడం ఈ ఐదు నెలల్లో ఇదే మొదటిసారి అనిపించింది. చాలాసేపు నా మొహమే చూస్తూ ఉన్నాడు. మెడ సంగతి వచ్చే నెల రాస్తాను.