కుడివైపు డ్రైవింగ్ అంటే భయంగా ఉంది, నడిపినవాళ్లు కాస్త చెప్పండి

ఎడమచేతి_గేరు:

అందరికీ నమస్తే. వచ్చే నెల అమెరికా వెళ్తున్నాం, నేను, మా ఆవిడ, అమ్మ. రెండు వారాలు ఉంటాం, అందులో ఐదారు రోజులు కారు అద్దెకి తీసుకుని తిరగాలని ప్లాన్. పదకొండేళ్లుగా కారు నడుపుతున్నా, ఇప్పటిదాకా పెద్ద దెబ్బేమీ తగల్లేదు (బంపర్ గీతలు లెక్కలోకి రావు కదా). కానీ అంతా రోడ్డుకి ఎడమవైపు నడిపిన అలవాటే. స్టీరింగ్ ఎడమ పక్క, నడిపేది రోడ్డుకి కుడి పక్క అనుకుంటేనే కడుపులో తిప్పుతోంది. ముఖ్యంగా హైవే ఎక్కడం, దిగడం తల్చుకుంటే నిద్ర పట్టట్లేదు. ఏం ప్రాక్టీస్ చేసి వెళ్లాలి?

ఇంకో రెండు డౌట్లు. "ఇంటర్నేషనల్ లైసెన్స్ రెండు రోజుల్లో ఇంటికే పంపిస్తాం" అని ఒక సైట్ కనిపించింది, తీసుకోవచ్చా? రెండోది, అమ్మ వెనక సీట్లో బెల్టు పెట్టుకోదు, ఊపిరాడదంటుంది. ఏదన్నా ఉపాయం ఉంటే చెప్పండి.

ఖాళీరోడ్డు:

బ్రో, హైవే గురించి టెన్షన్ పడకు. ఒకసారి ఎక్కాక అక్కడ రాంగ్ సైడ్ పోదామన్నా కుదరదు, మధ్యలో డివైడర్, ముందూ వెనకా బళ్లు, అందరూ ఒకే వైపు పోతుంటారు, వాళ్ల వెంట పోవడమే. నీకు దెబ్బ పడేది ఖాళీ రోడ్డు మీద. నాకు జరిగింది చెప్తా విను.

మూడో రోజు. అప్పటికి ఎనిమిది వందల కిలోమీటర్లు నడిపేశా, అలవాటైపోయిందనే ధీమా వచ్చేసింది. తెల్లవారుజామున పెట్రోల్ కొట్టించుకుని బంక్‌లోంచి బయటికొచ్చా, ఎడమకి తిరగాలి. రోడ్డు మీద పురుగు లేదు. పదిహేనేళ్ల చెయ్యి ఊరుకుంటుందా, ఎడమకి తిరిగి ఎడమ పక్కకే చేరిపోయింది. అంత హాయిగా ఆ ట్రిప్ మొత్తంలో ఎప్పుడూ నడపలేదు, మన రోడ్డు మీద ఉన్నట్టే ఉంది (ఉండదా మరి). కొంచెం దూరంలో లైట్లు కనిపించాయి. "వీడేంట్రా రాంగ్ సైడ్‌లో వస్తున్నాడు" అని నేనే వాడికి హై బీమ్ కొట్టా! పక్కన నిద్రపోతున్న ఫ్రెండ్ లేచి "కుడి, కుడి" అని అరిచాక గానీ బుర్రకెక్కలేదు. ఎదుటివాడు పెద్ద లారీ, పాపం ముందే చూసి ఆపేశాడు, లేకపోతే ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు.

కాబట్టి ఇలా పెట్టుకో. ఆగిన బండి మళ్లీ కదిలే ప్రతిసారీ, అంటే పార్కింగ్‌లోంచి, బంక్‌లోంచి, హోటల్‌లోంచి బయటికొచ్చేటప్పుడు, చుట్టూ బళ్లు లేకపోతే ఇంకా గట్టిగా, "కుడికి చిన్న మలుపు, ఎడమకి పెద్ద మలుపు" అని నోటితో పైకి అను. సిగ్గుపడకు, పక్కనున్నవాళ్లతో కూడా అనిపించు. అమెరికాలో ఇంకో గుర్తు ఉంది, ఎదురెదురు ట్రాఫిక్‌ని విడదీసే గీత పసుపు రంగులో ఉంటుంది, ఒకే వైపు పోయే లేన్ల మధ్య తెల్ల గీతలుంటాయి. పసుపు నీ ఎడమ చేతి వైపు ఉంటే నువ్వు కరెక్ట్. కుడి వైపు కనిపించిందా, తప్పు జరిగిపోయిందన్నమాట. బోర్డుల వీపులు మాత్రమే కనిపిస్తున్నా అంతే.

రెండు_స్టీరింగులు:

పైన చెప్పింది అక్షరాలా నిజం. కానీ పసుపు గీత గుర్తుని యూరప్‌కి మోసుకెళ్లకండి ఎవరూ. జర్మనీలో పసుపు గీతలు రోడ్డు పనులు జరిగే చోట తాత్కాలికంగా వేస్తారు, అవి ఉన్నంతసేపు పాత తెల్ల గీతలు లేనట్టే లెక్క. అలాగే "డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య వైపే కూర్చోవాలి" అనే చిట్కా చాలామంది చెప్తారు, అది ఆ దేశం కారు అయితేనే పనిచేస్తుంది. ఇంగ్లండ్ కారేసుకుని ఫ్రాన్స్‌లో దిగితే మొత్తం తల్లకిందులు, నేను దిగాను కాబట్టి తెలుసు.

అందరూ మలుపుల గురించే చెప్తారు గానీ నన్ను ఎక్కువ ఏడిపించింది కారు వెడల్పు. మనం ఇన్నేళ్లూ కుడి సీట్లో కూర్చుని, ఎడమ పక్క ఇంత బండి ఉందని లెక్కేసుకుంటూ నడిపాం. ఇప్పుడు సీటు ఎడమకి మారింది, బండేమో మనకి కుడి పక్కన ఉంది, కళ్లకి మాత్రం పాత లెక్కే. దాంతో తెలియకుండానే కారు మొత్తం కుడికి జరిగిపోతుంది. కుడి టైర్లు ఫుట్‌పాత్ అంచుకి రాసుకోవడం, ఆగి ఉన్న కార్ల అద్దాలకి తగలడం మొదటి రోజు మామూలే. పక్క సీట్లో మీ ఆవిడని కూర్చోబెట్టి "కుడి పక్క దగ్గరైపోతున్నాం" అని చెప్పే పని అప్పగించండి, గొడవైనా పర్లేదు. కారు తీసుకోగానే రోడ్డెక్కకుండా అదే పార్కింగ్‌లో ఓ ఇరవై నిమిషాలు తిప్పండి, రివర్స్ కూడా. రివర్స్‌లో ఇప్పుడు కుడి భుజం మీంచి వెనక్కి చూడాలి, మెడకి కూడా అది కొత్తే. వీలైతే ఆటోమేటిక్ తీసుకోండి, కుడి చేత్తో గేరు వెతుక్కునే పని ఒకటి తప్పుతుంది.

యూరప్ వెళ్లేవాళ్ల కోసం ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఫ్రాన్స్, జర్మనీ లాంటి చోట్ల బోర్డు, సిగ్నల్ ఏదీ లేని కూడలిలో కుడి పక్కనుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. వాడు చిన్న సందులోంచి వచ్చినా, మీరు పెద్ద రోడ్డు మీదున్నా సరే. వాడు ఆగుతాడులే అనుకుంటే ఆగడు.

నిద్ర_ముఖ్యం:

లైసెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆ సైట్ జోలికి పోకండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే మీ లైసెన్స్‌కి అనువాదం లాంటిది, అంతే. లైసెన్స్ ఇచ్చిన దేశంలో దానికి అధికారం ఉన్నవాళ్లే ఇవ్వాలి, మన దగ్గరైతే ఆర్‌టీవో ఆఫీస్. ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్స్ పక్కన లేకపోతే అది ఉత్త కాగితం, రెండూ పట్టుకెళ్లండి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇంకొకటి ఉంటాయి, జపాన్ లాంటి దేశాలు 1949 దాన్నే ఒప్పుకుంటాయి, మనవాళ్లు ఇచ్చేది అదే. అమెరికాలో రూల్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కారు అద్దెకిచ్చేవాళ్ల షరతు ఇంకోలా ఉండొచ్చు, ముందే మెయిల్ పెట్టి అడగండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, విమానం దిగి నేరుగా స్టీరింగ్ పట్టుకోవద్దు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. మీ ప్రయాణం ఇంటి గుమ్మం నుంచి లెక్కేసుకోండి, పదిహేడు ఎప్పుడో దాటిపోతుంది. గంటకి 100 కిలోమీటర్ల మీద ఉంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతాం. మూడు సెకన్లు కన్ను మూతపడితే ఎనభై మీటర్లకి పైగా కారుని ఎవరూ నడపట్లేదన్నమాట. కిటికీ దించడం, పాటలు పెద్దగా పెట్టడం ఇవన్నీ దండగ. కాఫీ తాగి వెంటనే ఓ ఇరవై నిమిషాలు పడుకుని లేస్తే కొంత పనిచేస్తుంది, కాఫీ ఎక్కడానికి కూడా దాదాపు అంతే టైమ్ పడుతుంది కాబట్టి. మొదటి రాత్రి మాత్రం టాక్సీలో వెళ్లి పడుకోండి, కారు మర్నాడు తీసుకోండి.

అమ్మగారి బెల్టు గురించి. ఊపిరాడట్లేదంటే సాధారణంగా అది మెడ మీదికి వచ్చిందని అర్థం. పై పట్టీ భుజం మధ్యలోంచి రావాలి, కింద పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. పొట్టిగా ఉంటే కింద గట్టి దిండు వేద్దామనుకుంటారు, దిండు జారితే బెల్టు పొట్టలోకి దిగుతుంది, వద్దు. మధ్య సీటు కాకుండా పక్క సీట్లో కూర్చోబెట్టి చూడండి. అప్పటికీ వినకపోతే, వెనక బెల్టు లేని మనిషి గుద్దుకున్నప్పుడు వచ్చి పడేది ముందు సీట్లో ఉన్న కోడలి మీదేనని చెప్పండి. మా అమ్మ దానికే లొంగింది.

ఖాళీరోడ్డు:

ఇందాక మర్చిపోయా. అమెరికాలో ఎర్ర సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగి, ఎవరూ రాకపోతే కుడికి తిరగనిస్తారు, వద్దని బోర్డు ఉంటే తప్ప. న్యూయార్క్ నగరంలో మాత్రం ఉల్టా, తిరగొచ్చని బోర్డు ఉంటేనే తిరగాలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న చోట ముందు వచ్చి ఆగినవాడు ముందు పోతాడు, చక్రాలు పూర్తిగా ఆగాలి, పాకించకూడదు. పసుపు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు మిణుకుతూ ఆగిందంటే, మధ్యలో డివైడర్ లేని రోడ్డైతే ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలి. పోలీస్ వెనక లైట్లేస్తే కుడి పక్కకి తీసి ఆపు, కిందికి దిగకు, చేతులు స్టీరింగ్ మీదే ఉంచు. దిగి ఆయన దగ్గరికి నడవడం మన మర్యాద కావచ్చు, అక్కడ దాన్ని వేరేగా చూస్తారు. బోర్డు మీద అంకె మైళ్లలో ఉంటుంది, 55 అంటే 88 కిలోమీటర్లు.

తిరిగొచ్చినోడు:

అందరూ వెళ్లడం గురించే చెప్తున్నారు, నేను తిరిగి రావడం గురించి చెప్తా. నాలుగేళ్లు బయట కుడివైపు నడిపి ఇంటికొచ్చా. వెళ్లేటప్పుడు భయం ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటాం, వచ్చేటప్పుడు "మన రోడ్డే కదా" అనుకుంటాం, అక్కడే దొరికిపోతాం. రెండో రోజు రోడ్డు దాటబోతూ ముందు ఎడమకి చూసి కాలు వేశా, బైక్ కుడి నుంచి వచ్చింది, చొక్కా చెయ్యి రాసుకుంటూ పోయింది. నడవడంలోనే ఇలా ఉంటే నడపడం సంగతి చెప్పక్కర్లేదు. లండన్‌లో రోడ్డు దాటే చోట్ల "కుడికి చూడు" అని రోడ్డు మీదే రాసి పెడతారు, ఎందుకో అప్పుడర్థమైంది.

ఇంకోటి, బయట నేర్చుకున్న వాటిలో ఇంటికి తెచ్చుకోదగ్గది ముందు బండికి వదిలే దూరం. ముందు కారు ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలెట్టి, మనం అక్కడికి చేరేలోపు మూడు సెకన్లు ఉండాలి. వాన పడితే రెట్టింపు.

ఎడమచేతి_గేరు:

అన్నా మూడు సెకన్లు వదిలితే మధ్యలో ఇద్దరు దూరతారు కదా, ఇక్కడ ఎలా కుదురుతుంది?

తిరిగొచ్చినోడు:

దూరతారు తమ్ముడూ, దూరనీ. మళ్లీ కాస్త వదులు. ఒక్కొక్కడు దూరినందుకు నీకు పోయేది రెండు మూడు సెకన్లు, గంట ప్రయాణంలో ముప్పై మంది దూరినా ఒకటిన్నర నిమిషం. నేను లెక్కేశాకే ఆ పట్టింపు వదిలేశా.

ఇంకొక్క పని చెయ్యి, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న కారుతో ఖాళీ స్థలంలో నలభై మీద పోతూ ఒక్కసారి బ్రేక్ గట్టిగా తొక్కి చూడు, వెనక ఎవరూ లేకుండా చూసుకుని. కాలికింద పెడల్ గడగడా కొట్టుకుంటుంది, ఏదో విరిగినట్టు చప్పుడొస్తుంది. తెలియనివాళ్లు ఆ చప్పుడుకి భయపడి సరిగ్గా ఆపాల్సిన క్షణంలో కాలు తీసేస్తారు. తియ్యకూడదు, అలాగే నొక్కిపెట్టి స్టీరింగ్ తిప్పుకోవాలి. ఒకసారి ఆ చప్పుడు విని ఉంటే చాలు.

ఎడమచేతి_గేరు:

వెళ్లొచ్చాం, అందుకే థ్రెడ్ పైకి తెస్తున్నా. మొదటి రోజు ఇండికేటర్ వేద్దామనుకున్న ప్రతిసారీ వైపర్లు తిరిగాయి, ఎండలో అద్దం తళతళలాడింది, ఈ విషయం ఎవరూ చెప్పలేదేంటి! కుడి పక్క టైరు ఒకసారి ఫుట్‌పాత్ ఎక్కింది. హైవే నిజంగానే సులువు. ఖాళీరోడ్డు అన్న చెప్పినట్టే నాలుగో రోజు పొద్దున్నే హోటల్ బయట ఖాళీ రోడ్డు మీద చెయ్యి ఎడమకే పోబోయింది. మేమిద్దరం మ్యాప్ గురించి వాదించుకుంటూ మంత్రం మర్చిపోయాం. వెనక నుంచి బెల్టు పెట్టుకున్న అమ్మ అంది, "ఒరే, పసుపు గీత నీ కుడి పక్కకి వచ్చిందేంట్రా?"