రొజొ పండగ లోపు పెరటి మట్టి బాగుచెయ్యాలి, సున్నం చల్లేయొచ్చా?

కొత్తపెరడు_రాయగడ:
అందరికీ నమస్తే. మాది ఒడిశాలో రాయగడ, నేను పార్వతీపురం నుంచి కోడలిగా వచ్చాను. పోయినేడాది ఇల్లు కట్టుకున్నాం, వెనకాల 10 అడుగుల వెడల్పు 30 అడుగుల పొడుగు జాగా మిగిలింది, ఒక పక్క గోడ ఇంకో పక్క నుయ్యి. అంతా ఎర్రమట్టి, ఎండితే గునపం దిగదు వాన పడితే చెప్పులు అక్కడే వదిలేసి రావాలి. పోయిన వానల్లో బెండ, వంగ, బీర పెట్టాను, బెండ జానెడు లేచి ఆగిపోయింది, వంగ ఆకులు పసుపు తిరిగాయి, గోంగూర మాత్రం బతికింది, అదెక్కడైనా బతుకుతుంది లెండి. పక్కింటి ఒడియా మావుసి ఇక్కడి మట్టి పులుపు సున్నం చల్లేయ్ అంటోంది, మా ఆయన బూడిద అంటారు, మా అమ్మ ఫోన్లో గెత్తం గెత్తం (అదే, పశువుల ఎరువు) అని ఒకటే పాట. మా అత్తగారోళ్ళు మూడు తరాల నుంచి ఇక్కడే, జూన్ మధ్యలో రొజొ వచ్చిందంటే మూడ్రోజులూ భూదేవి విశ్రాంతి అని పార ముట్టనివ్వరు. ఆ లోపే ఏదోటి చేసెయ్యాలి. సున్నం ఎంత వెయ్యాలో చెప్పండి చాలు.

పర్లాకిమిడి_తాత:
ఎంత వెయ్యాలో తర్వాత, అసలు వెయ్యాలో లేదో ముందు చూసుకో తల్లీ. మీ వైపు ఎర్రమట్టి చాలాచోట్ల పులుపే, మావుసి మాట ఊరికే పోదు. కానీ ఇల్లు కట్టిన జాగా వేరు, పొలం వేరు. మట్టి పరీక్ష చేయించు. ఓ ఏడెనిమిది చోట్ల పైన చెత్త గీకేసి పార లోతున, అంటే 6 అంగుళాలు, ఇంగ్లీషు వీ అక్షరంలా గుంట తియ్యి, ఆ గుంట పక్కన అడుగు నుంచి పై దాకా సన్నగా ఓ పొర చెక్కు. అన్నీ బకెట్లో కలిపి గుడ్డ మీద పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారెయ్, అరకిలో మిగిలేదాకా అలాగే. నీడన ఆరబెట్టు, ఎండలో కాదు. యూరియా సంచిలో మాత్రం పొయ్యకు, మా పక్కాయన అదే పని చేసి మట్టిలో నత్రజని దండిగా ఉందని పండగ చేసుకున్నాడు. గోడ పక్క మట్టి ఒక సంచి, నుయ్యి పక్కది ఇంకో సంచి, రెండూ కలపకు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం గుణుపురంలో ఉంది, అక్కడ అడుగు. 2015లో మొదలెట్టిన మట్టి ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి, నువ్వు ముందు చూడాల్సినవి పీహెచ్, అంటే పులుపు లెక్క, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ, ఇంకా సేంద్రియ కర్బనం, అంటే కుళ్ళిన ఆకూ పేడా వల్ల మట్టికొచ్చే బలం. కర్బనం 0.5 శాతం లోపుంటే మీ అమ్మ మాటే నెగ్గినట్టు.

రేగడి_ధర్మాబాద్:
అక్కా నేను నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి. మాది నల్లరేగడి, నేను ఏం జేసిన్నో చెప్త నువ్వు మాత్రం చెయ్యకు. వీడియోల సున్నం ఏస్తే టమాట మస్తు కాస్తదని చూసిన, ఒక బస్తా తెచ్చి చల్లిన, మీదికెల్లి పొయ్యిల బూడిద గూడ పోసిన. నెల తిరగకముందే కొత్త ఆకులన్నీ పసుపుపచ్చగైనయ్, ఈనెలు మాత్రం ఆకుపచ్చగనే ఉన్నయ్. మందు కొట్టిన, తెగులనుకున్న. తర్వాత తెలిసింది అది ఇనుము అందకపోవుడు, మా మట్టిల సున్నం ముందుగాలనే ఉంటది, నేను ఇంక పోసిన. బూడిద గూడ సున్నం లెక్కనే పనిజేస్తదని నాకెవరు చెప్పలే. ఒక చిన్న పని జెయ్, ఎండిన మట్టి మీద వెనిగర్ పొయ్యి. బుస్సుమని పొంగిందంటే సున్నం ముట్టుకోకు.

ఇసకనేల_బరంపురం:
మాది సముద్రం దగ్గర, నీళ్ళు పోస్తే నిలవనే నిలవవు, మీకు నిలవడం బాధ, ఏటి చేస్తాం. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపండి, ఇంకాక మళ్ళీ నింపి చూడండి. రాత్రి పోసింది తెల్లారినా అలాగే ఉంటే మడి ఎత్తు చేసుకోవాల్సిందే, ఇంక ఏ ఎరువూ మిమ్మల్ని కాపాడదు.

కొత్తపెరడు_రాయగడ:
వెనిగర్ పోశాను!! నుయ్యి పక్క మట్టి ఏమీ అనలేదు, తడిసి ఊరుకుంది. గోడ పక్కది సోడా మూత తీసినట్టు నురగ. గరిటెతో కెలికితే సిమెంటు పెచ్చులు, ఇటుక ముక్కలు. వంగ పెట్టింది సరిగ్గా అక్కడే. రెండు సంచులూ పంపించాను.

కొత్తపెరడు_రాయగడ:
కార్డులొచ్చాయి. ఒడియాలో ఉన్నాయి, నాకు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు, మావుసే చదివి పెట్టింది. నుయ్యి పక్క పీహెచ్ 5.3, గోడ పక్క 8.1. కర్బనం రెండుచోట్లా 0.4 లోపే.

పర్లాకిమిడి_తాత:
చూశావా, 30 అడుగుల్లో రెండు ఊళ్ళు. నుయ్యి పక్కకి వ్యవసాయ సున్నమో డోలమైట్ పొడో, 10 అడుగులకి 10 అడుగుల మడికి కిలోన్నర నుంచి రెండు కిలోలు చల్లి మట్టిలో కలిపి తడుపు. గోడలకేసే ఘాటు సున్నం వద్దు, వేళ్ళు మాడతాయి. ఆ రోజే యూరియా గానీ పచ్చిపేడ గానీ వేశావంటే అందులో బలం అమ్మోనియా అయి గాల్లో పోతుంది. రెండు మూడు వారాలాగి మాగిన గెత్తం మడికో బస్తా కలిపి విత్తు. ఇప్పుడే చల్లేస్తే రొజొ మూడ్రోజులూ ఆ ఎదురుచూపులోనే గడిచిపోతాయి, మీ అత్తగారూ ఏమనరు. గోడ పక్క సున్నం వద్దు, బూడిదా వద్దు, ఆ సిమెంటు పెచ్చుల్లోనే సున్నం ఉంది. పెచ్చులు ఏరి, అడుగు లోతు మట్టి తీసేసి, వేరే మట్టీ గెత్తం నింపు. ఓపిక లేకపోతే ఈ ఏడు అక్కడ తొట్లు పెట్టుకో.

రేగడి_ధర్మాబాద్:
అక్కా పెచ్చులు ఎన్ని తట్టలెల్లినయో చెప్పు, మా పెరట్ల రెండెల్లినయ్.

కొత్తపెరడు_రాయగడ:
నాలుగు. ఇంకా సగం గోడే అయింది. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.